నంద్యాల కథ, హెబ్రోను గుహలు

(నాపరాతి నేల: ధారావాహిక)

బెలుం గుహల దగ్గర ఇప్పుడు టికెట్ల కౌంటరుంది. లోపల రంగు దీపాలు, దిగడానికి మెట్లు, గాలి ఆడడానికి గొట్టాలు. కొలిమిగుండ్ల పాతవాళ్లకు మాత్రం అది ఇప్పటికీ ‘బిలం’. జీవాలు తోలుకుపోయేవాళ్లు ఎండ నెత్తికెక్కినప్పుడు ఆ నోటి దగ్గర కాసేపు నడుం వాల్చేవాళ్లు. దాన్ని 1884లో కాగితం మీదికి ఎక్కించినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఆ తరవాత నూరేళ్లకు, 1982, 83ల్లో డేనియల్ గెబావర్ అనే జర్మన్ తన జట్టుతో వచ్చి పాకుతూ, జారుతూ కొలిచాడు. లెక్క 3,229 మీటర్లకు తేలింది. 2002లో జనానికి తెరిచారు. అక్కడ తపస్సు చేసుకున్న బౌద్ధ, జైన సన్యాసుల సంగతి పోయిన వారం చెప్పుకున్నాం.

ఈ వారం కూడా గుహలే, కానీ మనవి కావు. మన బిలానికి నాలుగున్నర వేల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, జెరూసలేంకు దక్షిణాన, హెబ్రోను పట్నం దాటాక మరో సున్నపురాతి నేల ఉంది. అదీ వానకు మొహం వాచిన నేలే. గొర్రెలు, మేకలు, రాళ్ల సందుల్లో బార్లీ, అక్కడక్కడ ఆలివ్ చెట్లు. అక్కడి పాలస్తీనా కాపరులు తరతరాలుగా గుహల్లో కాపురం చేస్తున్నారు. గుహ నోటికి ఒక రాతి గోడ, లోపల ఒక పక్క మనుషులు, మరో పక్క మంద. ఆ గుట్టల మీద దాదాపు పాతికేళ్లుగా తిరిగిన ఒక యూదు పెద్దమనిషి, మన నంద్యాల రాజుకు అంకితమైన తెలుగు కావ్యాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినవాళ్లలో ఒకడు. పేరు డేవిడ్ షుల్మన్. నాపరాతి నేల చరిత్రలో ఆయనకు చోటెక్కడిదని అడిగేవాళ్లుంటారు. చోటు ఇచ్చింది పింగళి సూరన.

ముందు సూరన దగ్గరికి పోదాం. 16వ శతాబ్దం రెండో సగం. విజయనగరం 1565 యుద్ధంలో దెబ్బతింది. ఆరవీటి వంశం వాళ్లు సింహాసనం మీదికి వచ్చారు. ఆ వంశపు కొమ్మల్లోదే నంద్యాలను ఏలిన కుటుంబం. అందులో కృష్ణమరాజు కావ్యాలంటే చెవి కోసుకునే రకం. సూరన అప్పటికే ‘రాఘవపాండవీయం’ రాసి పేరు పొందినవాడు. ఒకే పద్యాన్ని ఒకలా విడదీస్తే రామాయణం, ఇంకోలా విడదీస్తే భారతం. అలాంటి గారడీ చేసినవాడు కృష్ణమరాజుకు ‘కళాపూర్ణోదయం’ అంకితమిచ్చాడు.

మనవాళ్లు ‘మనుచరిత్ర’, ‘వసుచరిత్ర’ల పద్యాలు నాలుగు నోటికి చెప్పగలరు. కళాపూర్ణోదయం పేరెత్తితే మాత్రం ‘తికమక కథ’ అని నవ్వేస్తారు. తికమక నిజమే. ద్వారకలో కలభాషిణి ఉయ్యాల ఊగుతుంటే ఆకాశంలో రంభా నలకూబరుల విమానం పోతుంది. నారదుడికి తుంబురుడి సంగీతం మీద కుళ్లు. ఒక రంభ ఉండగానే రెండో రంభ వస్తుంది, ఒక నలకూబరుడికి ఎదురుగా ఇంకో నలకూబరుడు నిలబడతాడు. అసలెవరో, మాయ ఎవరో తేలక పాఠకుడు తల గోక్కుంటాడు. ముడి విప్పే తాళం ఎక్కడో మధ్యలో ఉంది. బ్రహ్మ ఒకనాడు సరసంగా సరస్వతికి ఒక కథ చెప్పాడు. పలికినవాడు బ్రహ్మ. పలికింది అబద్ధం కావడానికి వీల్లేదు. కాబట్టి ఆ కథ భూమ్మీద జరిగి తీరాలి. మనం ఇంతసేపూ చదువుతున్న మనుషులందరూ ఆ కథ జరగడం కోసం పుట్టినవాళ్లే.

కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ అచ్చు వేసినప్పుడు ఈ కావ్యాన్నే ముందు పెట్టుకుని ప్రబంధాల మీద విమర్శ నడిపారు. ప్రబంధాలంటే గిట్టని రెడ్డిగారికి కూడా సూరన కథ కట్టిన తీరు నచ్చింది. ఆ తరవాత కళాపూర్ణోదయం పరీక్షల్లోకి పోయింది. పరీక్షల్లోకి పోయిన పుస్తకాన్ని ఇష్టంగా చదివేవాళ్లు ఎంతమంది ఉంటారో నాకంటే మాస్టర్లకే బాగా తెలుసు. 2002లో కొలంబియా విశ్వవిద్యాలయ ప్రచురణగా అది ఇంగ్లీషులో బయటికొచ్చింది. అనువాదకులు వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్. ఇంగ్లీషు పేరు ‘ది సౌండ్ ఆఫ్ ది కిస్’. దానికి తోకగా, ఎప్పుడూ చెప్పకూడని కథ అని. ముద్దు చప్పుడు అని పేరు పెట్టడం మార్కెట్టు కోసమేమో అని నేను మొదట మూతి ముడిచాను. చదివాక, బ్రహ్మా సరస్వతుల సరసంలోంచే కథంతా పుట్టింది గదా, పేరు మరీ తప్పేం కాదులే అనిపించింది.

ఇప్పుడు షుల్మన్ ఎవరో చూద్దాం. 1949 జనవరిలో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, వాటర్లూ అనే ఊళ్లో పుట్టాడు. మొక్కజొన్న చేల దేశం అది. 1967లో, పద్దెనిమిదేళ్ల కుర్రాడిగా ఇజ్రాయెల్ వెళ్లి జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో చేరాడు. చదివింది ఇస్లాం చరిత్ర, అరబీ భాష. ఆ అరబీ ముందు ముందు గుట్టల మీద పనికొస్తుందని అప్పుడు అనుకుని ఉండడు. అక్కణ్నుంచి లండన్‌కు పోయి జాన్ మార్ దగ్గర తమిళం నేర్చుకున్నాడు. పరిశోధన కోసం తమిళనాట గుళ్ల స్థలపురాణాల వెంట తిరిగాడు. 1980లో వచ్చిన ఆయన మొదటి పెద్ద పుస్తకం తమిళ శైవ క్షేత్రాల కథల మీదే. 1982లో లెబనాన్ యుద్ధం వచ్చింది. ఇజ్రాయెల్‌లో యూదుల్లో చాలామంది సైన్యంలో పని చేయాల్సిందే. షుల్మన్ ఆ యుద్ధంలో వైద్య సిపాయి, గాయపడ్డవాళ్లకు కట్లు కట్టే పని. 1987లో అమెరికావాళ్ల మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. ఇంతవరకూ ఒక మామూలు మేధావి జీవితమే.

తెలుగు వైపు లాగినవాడు వెల్చేరు నారాయణరావు. ఏలూరు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్న ఆయన 1971లో అమెరికా వెళ్లి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు తెలుగు చెప్పాడు. ఈ ఇద్దరూ కూర్చుని చేసిన పనిని తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. క్షేత్రయ్య పదాలు 1994లో (ఇందులో ఏ.కె. రామానుజన్ కూడా ఉన్నాడు). చాటుపద్యాలు 1998లో. తెలుగు కావ్యాల సంకలనం, ‘క్రీడాభిరామం’, ‘కళాపూర్ణోదయం’ మూడూ ఒకే ఏడు, 2002లో. అన్నమయ్య 2005లో. సూరనదే ‘ప్రభావతీ ప్రద్యుమ్నం’ 2006లో. శ్రీనాథుడి మీద ఒక పుస్తకం 2012లో. పెద్దన ‘మనుచరిత్ర’ 2015లో. ఆ పెద్దనకు రాయలిచ్చిన కోకట అగ్రహారం మనకేం దూరం కాదు, కడప జిల్లాలోనే ఉంది. ఆ ఇద్దరి తీర్పులన్నీ తెలుగు పండితులు ఒప్పుకోలేదు. నాకూ కొన్ని రుచించవు. పద్యంలో యతి విరుపు దగ్గర మన చెవి పొందే సుఖం ఇంగ్లీషులో ఎట్లాగూ రాదు, దాన్ని పూడ్చడానికి వ్యాఖ్యానం ఎక్కువ చేస్తారనిపిస్తుంది. కానీ వాళ్లు ఏ పద్యాన్నీ ‘పాతకాలపు వర్ణన’ అని పక్కన పెట్టలేదు. కవి ఒక మాట అన్నాడంటే దానికి అర్థం ఉండి తీరుతుందని నమ్మి చదివారు. అది అందరూ చేయగలిగింది కాదు.

చరిత్ర రాసేవాడిగా నాకు మరీ ముఖ్యమైంది 2001 నాటి ‘టెక్స్‌చర్స్ ఆఫ్ టైమ్’. మూడో చేయి సంజయ్ సుబ్రహ్మణ్యంది. దక్షిణాదివాళ్లకు చరిత్ర రాయడం రాదు, పుక్కిటి పురాణాలు తప్ప అని తెల్లవాళ్లు చాలాకాలం చెప్పారు, మనవాళ్లు తల ఊపారు. ఈ ముగ్గురూ దాన్ని ఎదిరించారు. ఏ కాలంలో ఏ రచనా రూపం జనానికి బాగా పరిచయమో చరిత్ర అందులోనే రాశారు. కావ్యమైతే కావ్యం, కథ అయితే కథ. చదివేవాడికి ఆ చెవి ఉంటే ఏది జరిగిన సంగతో, ఏది అలంకారమో మాట పోకడలోనే తెలిసిపోతుంది. 1757 నాటి బొబ్బిలి యుద్ధాన్ని వాళ్లు అలా విని చూపించారు. మెకంజీ దొర కోసం కావలి సోదరులు ఊరూరా పోగుచేసిన కైఫీయతులున్నాయి చూడండి, మన కరణాల మాటలు, వాటిని నేను అంతకుముందు అనుమానంగా చదివేవాణ్ని. ఈ ధారావాహిక మొదలుపెట్టే ధైర్యం ఒకింత ఆ పుస్తకం ఇచ్చిందే.

2006లో షుల్మన్ రాజమండ్రిలో నెలల తరబడి ఉన్నాడు. ఎండాకాలపు గోదావరి, మామిడిపళ్లు, తెలుగు పాఠాలు, అక్కడి మిత్రులు, అన్నీ డైరీగా రాసుకున్నాడు. అది 2009లో పుస్తకమైంది. రాయలసీమవాడిగా నాకు ఒక చిన్న అసూయ: ఎండంటే ఏమిటో తెలియాలంటే మే నెలలో మా తాడిపత్రి రోడ్డు మీద నిలబడాల్సింది, గోదావరి గట్టు మీద కాదు!

షుల్మన్‌ను నేను మతాన్ని ఆలోచించేవాడని కూడా అంటాను, ఎందుకో చెప్పాలి. టోపీ పెట్టుకుని ధర్మోపదేశం చేసే రబ్బీ కాడు ఆయన. దేవుడు మనిషిని ఏం అడుగుతాడు, మనిషి దానికి ఏం చేస్తాడు అన్నది మాత్రం ఆయన్ను వదలని ప్రశ్న. 1993లో ఆయన రాసిన ‘ది హంగ్రీ గాడ్’ చూడండి. ఆకలిగొన్న దేవుడు. చిరుతొండ నంబి కథ మనకు తెలుసు, పాల్కురికి సోమన చెప్పాడు, శ్రీనాథుడు ‘హరవిలాసం’లో చెప్పాడు. జంగమ వేషంలో వచ్చిన శివుడు నరమాంసం అడుగుతాడు, అదీ కన్నకొడుకుది. చిరుతొండడూ, భార్యా బిడ్డను కోసి వండి వడ్డిస్తారు. యూదుల గ్రంథంలో దీనికి జోడీ కథ ఉంది. దేవుడు అబ్రాహామును కొడుకు ఇస్సాకును బలి ఇమ్మంటాడు. తండ్రి కట్టెలు పేర్చి, కొడుకును కట్టి, కత్తి ఎత్తుతాడు. దేవదూత ఆపుతాడు. పొట్టేలు దొరుకుతుంది. ముస్లింలకు ఇదే ఇబ్రహీం కథ. నంద్యాలలో, బనగానపల్లెలో బక్రీదు నాడు మన ఇరుగుపొరుగు తలుచుకునేది దాన్నే. ఒక కథలో కత్తి ఆగింది, ఒక కథలో ఆగలేదు. ఆగని కథలో, వంట అయ్యాక, వడ్డించాక, అతిథి ‘కొడుకును పిలువు’ అంటాడు. లేని కొడుకును తండ్రి పిలుస్తాడు. బడి నుంచి వచ్చినట్టు వాడు పరుగెత్తుకొస్తాడు. అబ్రాహాము కథతో పెరిగిన ఒక యూదుడు, ముగ్గురు కొడుకుల తండ్రి, ఈ రెండు కథలనూ ఎదురెదురుగా పెట్టుకుని పుస్తకం రాశాడంటే అది ఒట్టి పాండిత్యం కోసమని నేననుకోను. ఆయన దేశంలో పద్దెనిమిదేళ్లు నిండిన యూదు పిల్లల్లో చాలామంది సైన్యంలోకి పోతారు.

ఈ చోట ఒక పిల్లదారి పట్టాలి, వెంటనే తిరిగొస్తాను. హీబ్రూ విశ్వవిద్యాలయం 1925లో మొదలైంది. దాని మొదటి పెద్ద జూడా మాగ్నెస్, అమెరికా నుంచి వచ్చిన రబ్బీ. 1938లో జర్మనీ వదిలి వచ్చి అక్కడ పాఠాలు చెప్పినవాడు మార్టిన్ బూబర్, 1923లో వచ్చిన ‘నేను–నీవు’ అనే చిన్న పుస్తకంతో లోకమంతా పేరుపడిన తత్త్వవేత్త. ఎదుటి మనిషిని వస్తువుగా చూడకుండా ‘నీవు’ అని పలకరించగలిగినప్పుడే దేవుడితో మాట సాధ్యమని ఆయన చెప్పినదాని సారం. యూదులూ అరబ్బులూ ఒకే దేశంలో సరిసమానంగా ఉండాలని వీళ్లిద్దరూ 1942లో ‘ఇహూద్’ అనే సంఘం పెట్టారు. సొంత జనం తిట్టిపోశారు.

గాంధీగారితో వీళ్లకు ఒక లావాదేవీ ఉంది. 1938 నవంబరులో జర్మనీలో యూదుల గుళ్లూ దుకాణాలూ తగలబెట్టారు. ఆ నెల 26న గాంధీ ‘హరిజన్’లో, పాలస్తీనా అరబ్బులదని రాస్తూ, జర్మనీ యూదులు సత్యాగ్రహం చేయాలన్నారు. బూబర్ 1939 ఫిబ్రవరి 24న సుదీర్ఘమైన ఉత్తరం రాశాడు. మిమ్మల్ని గౌరవించేవాణ్నే అంటూ మొదలెట్టి, దక్షిణాఫ్రికా వేరు, హిట్లరు వేరు, చూసేవాడే లేని చోట ప్రాణమిస్తే అది ఎవరి మనసును కదిలిస్తుందని అడిగాడు. మాగ్నెస్ కూడా రాశాడు. ఇద్దరికీ జవాబు రాలేదు. గాంధీ మాట విని తల ఊపడానికి అలవాటుపడిన మనకు, బూబర్ ప్రశ్న ఇప్పటికీ గొంతులో ముల్లులాగే ఉంటుంది. ఈ విషయంలో బూబర్‌దే పైచేయి అని నా లెక్క.

బూబర్ 1965 జూన్‌లో పోయాడు. అదే ఏడు మార్చిలో, వార్సాలో పుట్టి అమెరికా చేరిన అబ్రహాం జాషువా హెషెల్ అనే మరో యూదు మతచింతకుడు తెల్లగడ్డంతో, మార్టిన్ లూథర్ కింగ్ ఉన్న వరుసలోనే సెల్మాలో నడిచాడు, నల్లవాళ్ల ఓటు హక్కు కోసం. నడక తనకు ప్రార్థనలాగే ఉందని తరవాత చెప్పుకున్నాడు. షుల్మన్ ఈ వరుసలోవాడే. తేడా ఏమిటంటే ఈయన సంచీలో సూరనా, అన్నమయ్యా కూడా ఉన్నారు.

2000 సంవత్సరం శరత్కాలంలో పాలస్తీనాలో రెండో తిరుగుబాటు రేగింది. ఆ వారాల్లోనే కొందరు యూదులూ, ఇజ్రాయెల్ పౌరులైన అరబ్బులూ కలిసి ‘తాయుష్’ అనే గుంపు కట్టారు. అరబీలో ఆ మాటకు కలిసి బతకడం అని అర్థం. ఆఫీసు, అధ్యక్షుడు, కార్యదర్శి లాంటి హంగేమీ లేదు. శనివారం, అంటే యూదుల విశ్రాంతి దినాన, పొద్దున్నే కార్లెక్కి దక్షిణ హెబ్రోను గుట్టలకు పోవడం, అక్కడి కాపరుల వెంట ఉండడం. అంతే. మొదటినుంచీ అందులో ఉన్న యిగాల్ బ్రోనర్ సంస్కృత పండితుడు; ఒకే మాట రెండు కథలు చెప్పే శ్లేషకావ్యాల మీద 2010లో లావుపాటి పుస్తకం రాశాడు. ద్వ్యర్థి కావ్యం చదివే మనిషి, ఒకే గుట్టకు రెండు పేర్లు పెట్టుకున్న జనాల మధ్య నిలబడడంలో ఒక సామ్యం నాకు తోచింది, రాసేశాను. ఎజ్రా నావి అని ఇంకొకడు ఉండేవాడు. ఇరాకు నుంచి వచ్చిన యూదు కుటుంబం, వృత్తికి ప్లంబరు. గుట్టల్లో పసిపిల్లలకు కూడా అతని పేరు తెలుసు. 2010లో జైలుకు పోయాడు, 2021 జనవరిలో చనిపోయాడు. ప్రొఫెసర్లు ప్లంబరు వెనక నడిచారు.

అసలు గొడవేమిటంటే, 1980లలో ఇజ్రాయెల్ సైన్యం ఆ ప్రాంతంలో ఓ పెద్ద ముక్కను కాల్పుల అభ్యాసానికి కేటాయించింది, 918 నంబరు కింద. 1999 నవంబరులో, మీరు ఇక్కడ శాశ్వత నివాసులు కారంటూ గుహల్లోని దాదాపు 700 మందిని లారీల్లో ఎక్కించి బయట దించేసింది. హైకోర్టు 2000 మార్చిలో తాత్కాలికంగా వెనక్కి పోనిచ్చింది. మరోపక్క అదే గుట్టల మీద యూదు సెటిలర్ల కాలనీలు పెరుగుతున్నాయి. (మన దగ్గర సెటిలరు అంటే వేరే జిల్లా నుంచి వచ్చి భూమి కొనుక్కున్నవాడు. అక్కడ కొనడం ఊసే పెద్దగా ఉండదు, వెనక తుపాకీ ఉంటుంది.) అవి ఎదిగేకొద్దీ మేత బీళ్లు తరిగాయి. కొన్ని గుహలను కూల్చారు, వాననీళ్ల తొట్లను మట్టీ రాళ్లతో పూడ్చారు.

2007లో వచ్చిన షుల్మన్ పుస్తకం ‘డార్క్ హోప్’లో ఒక చోట చదవడం ఆపేసి లేచి తిరిగాను. 2005లో తువానీ ఊరి పక్క బీళ్లలో ఎవరో విషం పట్టించిన బార్లీ గింజలు చల్లారు. సెటిలర్ల పనేనని ఊరివాళ్ల అభియోగం. గొర్రెలు చచ్చాయి. నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో సన్నటి గింజలు, ముళ్లపొదల కింద, రాళ్ల మధ్య. జెరూసలేం నుంచి వచ్చినవాళ్లు వంగి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో గింజే ఏరారు.

ఈ సంగతి మా వీధి చివర జీవాలు కాసే మామకు చెప్పాను. డెబ్బై దాటాయి, ఇప్పటికీ ఓబులేసు కట్ట చుట్టూ మందను తిప్పుతాడు. వింటూ వింటూ బీడీ ఆర్పేశాడు.

“మేతలో మందు కలిపినారా? మనిషి మీద కోపముంటే మనిషిని కొట్టల్ల గదా అల్లుడా. జీవం ఏం జేసింది?”

“బీడు ఖాళీ చేస్తారని మామా.”

“ఏరిన ఆయప్ప ఏం జేస్తాడు, ఆడ?”

“పెద్ద ప్రొఫెసరు. తెలుగు వచ్చు. నంద్యాల రాజుకిచ్చిన కావ్యం ఇంగ్లీషులో రాసినాడు.”

మామ దీన్ని ఆశ్చర్యంగా తీసుకోలేదు. “ఇన్ని గింజలు ఏరల్లంటే చూపు బాగుండల్ల” అన్నాడు.

ఆ మాట నాకు పట్టుకుంది. పద్యంలో ఒక్క అక్షరం జారనీయకుండా చదివే చూపు, రాళ్ల సందులో గింజను పట్టే చూపు ఒకటేనేమో. షుల్మన్ గుట్టల గురించి రాసినప్పుడు పోలీసుల నిర్బంధం, సైనికుల ఉత్తర్వుల కాగితాలు, రాళ్ల దెబ్బలు అన్నీ ఉంటాయి. వాటితోపాటే కాపరి పోసిన టీలో ఏ ఆకు వేశాడో, గాడిద ఏ పక్కకు తిరిగిందో కూడా ఉంటుంది. ఆయనకు గాంధీ అంటే గురి. అయినా గెలుస్తామని ఎక్కడా రాయడు. 2018 నాటి పుస్తకం పేరులోనే స్వేచ్ఛ పక్కన నిరాశ ఉంది. గెలుపు లెక్క వేసుకుని పోయేవాడికి ఆ గుట్టల్లో ఆరు నెలలు చాలు, తిరిగొచ్చేస్తాడు. ఈయన గుట్టలకు పోతూనే ఉన్నాడు, ఇంటికొచ్చి రాస్తూనే ఉన్నాడు.

2016లో ఆయన దేశం తన అత్యున్నత పురస్కారమైన ఇజ్రాయెల్ ప్రైజును మత అధ్యయనాల్లో కృషికి షుల్మన్‌కు ఇచ్చింది. ప్రభుత్వం చేస్తున్నదాన్ని వారం వారం ఎదిరించేవాడు ప్రభుత్వం చేతి నుంచి బిరుదు తీసుకోవడమేమిటని అటువైపు మిత్రులు, ఇలాంటివాడికి ఇస్తారా అని ఇటువైపు శత్రువులు. ఆయన తీసుకున్నాడు, 75,000 షెకెళ్ల సొమ్మును తాయుష్‌కు ఇచ్చేశాడు. తీసుకోకుండా ఉండాల్సిందని వాదించేవాళ్లున్నారు. నాకైతే, సర్కారు డబ్బును సర్కారు కూల్చిన గుహల దగ్గరికే పంపడంలో ఒక రాయలసీమ మార్కు మొండితనం కనబడింది.

2022 మే 4న హైకోర్టు తీర్పు చెప్పింది. 918 లోని కాపరులను ఖాళీ చేయించడానికి అడ్డు లేదని. ఎనిమిది పల్లెలు, వెయ్యిమందికి పైగా మనుషులు. సరిగ్గా నెల ముందు, ఏప్రిల్ 4న, మనకు నంద్యాల జిల్లా ఏర్పడింది. ఆ సంబరాల్లో ఉన్న మేము ఈ వార్త ఎక్కడ చూస్తాం.

సూరన దగ్గరికి మళ్లీ వస్తాను. కళాపూర్ణోదయంలో సుగాత్రీ శాలీనుల కథ ఉంది, పెద్ద కథలో ఇమిడిన చిన్న కథ. సరస్వతి గుడి పూజారి కూతురు సుగాత్రి. శాలీనుడు ఇల్లరికపు అల్లుడు. పేరుకు తగ్గట్టే సిగ్గరి. రాత్రయితే కూతురికి ఒళ్లంతా నగలు దిగేసి, పూలు తురిమి, తల్లి గదిలోకి పంపుతుంది. అల్లుడు కన్నెత్తి చూడడు. అత్తకు ఒళ్లు మండి, తిన్న తిండికి తోట పనైనా చేయమంటుంది. శాలీనుడు సంతోషంగా పలుగూ పారా పట్టుకుంటాడు. సుగాత్రికి అమ్మ మాట తప్పనిపిస్తుంది. నగలన్నీ తీసి పక్కన పెట్టి, కొంగు బిగించి, తోటలో దిగి అతనితో పాటు పని చేస్తుంది. మట్టి, చెమట, చెదిరిన జుట్టు. అప్పుడు శాలీనుడు ఆమెను చూశాడు.

నాలుగు వందల ఏళ్ల కిందట నంద్యాల సభలో ఇది చదివినప్పుడు కృష్ణమరాజు నవ్వి ఉంటాడు. షుల్మన్‌కు ఇది తెలుగులో తెలుసు. ఆయన గుట్టల మీద చేసిందంతా చాలామటుకు ఈ తోటపని బాపతే. దున్నేటప్పుడు కాపలా, ఆలివ్ కాయలు కోయడం, పూడ్చిన తొట్ల నుంచి రాళ్లు తోడి పోయడం. ప్రొఫెసరు నగలు తీసి పక్కన పెట్టి.

మామకు ఈ తొట్ల సంగతే బాగా నచ్చింది. మొన్న సాయంత్రం మంద మళ్లించి వస్తూ నిలబడి అడిగాడు.

“అల్లుడా, ఆ పూడిక తీసినారే, అవి బాయిలా? ఊట ఉండాదా?”

“ఊట లేదు మామా. రాతిలో తొలిచినవి. వానొస్తే నిండుతాయి.”

“దోనలన్నమాట” అన్నాడు. “ఆడ వాన యే కార్తెలో?”

“మన కార్తెలు పనికిరావు. వాళ్లకు చలికాలంలో పడుతుంది. మార్గశిరం, పుష్యం.”

మామ ఆకాశం వైపు చూశాడు. మాకు ఆరుద్ర పోయింది, చినుకు లేదు. “అయితే వాళ్లకింకా టయిముండాది” అని, వెనకబడిన పొట్టేలును అదిలించుకుంటూ పోయినాడు.